పదో వారం

చేపల ఫ్యాక్టరీలో హాజరు పుస్తకం నాది.
చెవి వెనక పెన్సిలు, చలికి కొంకర్లు పోయే వేళ్లు.
కోత బల్లల పక్కన నలభైమంది ఆడవాళ్లు,
రబ్బరు బూట్లు, తెల్ల టోపీలు,
కత్తి తప్ప ఎవరూ మాట్లాడని ఉదయాలు.

న్యూఫౌండ్‌లాండ్‌లో ఏడాదికి రెండే కాలాలు:
చేప ఉన్నది, చేప లేనిది.
చేప లేని కాలానికి సర్కారు భృతి ఇస్తుంది,
పది వారాల పని చూపించినవాళ్లకి.
తొమ్మిదే చూపించావా,
నీకూ మంచుకూ మధ్య ఎవరూ రారు.

ఆ ఏడు సెప్టెంబరుకే వలలు తేలికయ్యాయి.
థర్జా హౌన్సెల్‌కి పదకొండో వారం నడుస్తోంది.
వెర్నా కీపింగ్‌కి ఎనిమిది దగ్గర ఆగిపోయింది;
జూన్ అంతా బిడ్డకి కోరింత దగ్గు.
ఒక సోమవారం థర్జా తన ఏప్రన్ విప్పి
వెర్నా మెడలో వేసింది.
"నడుం నొప్పి, రాసుకో" అంది నాతో.
ఆ నడుమే ముందురోజు నా కళ్లముందు
రెండు బస్తాల బంగాళాదుంపలు మోసింది.
రాసుకున్నాను.

నవంబరులో ఒట్టావా నుంచి తనిఖీ అధికారి వచ్చాడు.
పేజీలు తిప్పి, కళ్లజోడు తుడుచుకుని,
"పదో వారం దాటగానే పద్నాలుగు మందికి నడుం నొప్పి.
ఇదేమైనా అంటువ్యాధా?" అన్నాడు.
చెడ్డవాడు కాదు. టీ ఇస్తే
తాగి, కప్పు తనే కడిగి బోర్లించాడు.
వెర్నా వారాలు నిలిచాయి.
పని ఉండగా మానేసినందుకు
థర్జాకి ఆరు వారాల భృతి కోత.
ఆ సంగతి వెర్నాకి చెప్పొద్దంది.
ఇన్నాళ్లూ చెప్పలేదు.

క్రిస్మస్‌కి బావమరిది గార్లండ్ వచ్చాడు,
హామిల్టన్‌లో ఉక్కు అతికే పని.
ఉప్పుమాంసం గిన్నె పక్కకి జరిపి
జీతం చీటీ బల్ల మీద పరిచాడు.
"ఇదిగో, ఇక్కడ కోసింది
మీ వాళ్ల నడుం నొప్పులకే కదా బావా?
కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయి."
కిటికీలోంచి కొండల్ని చూశాను. అలాగే ఉన్నాయి.
తరిగింది చేప.
దాన్ని తరిగించింది కూర్చున్నవాళ్లు కాదు,
పెద్ద ఓడల మీద రాత్రింబవళ్లు ఒళ్లు వంచినవాళ్లు.
ఆ మాట అనబోయాను.
ఈలోగా ఎఫీ గరిటె కింద పెట్టింది.

"పదిహేడేళ్లప్పుడు ఓడెక్కావే,
ఆ బూట్లు ఎక్కడివిరా?"
అమ్మ పిండిడబ్బా కింద దాచిన
పిల్లల భత్యం చెక్కులవి. వాడికీ తెలుసు.
చాలాసేపు రొట్టె చిదుముతూ కూర్చున్నాడు.
"తెలుసక్కా. అందుకే అంటున్నా.
అవి తొడుక్కున్నప్పుడల్లా ఎవడిదో కాలు
నా కాలి పక్కన ఇరుక్కున్నట్టుండేది.
నా కొడుక్కి ఆ ఇరుకు వద్దు."
ఎఫీ జవాబివ్వలేదు.
వాడి పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.

అందరూ పడుకున్నాక ఆ చీటీ చూశాను.
వారానికి యాభై రెండు గంటలు, అన్నీ రాత్రి షిఫ్టులు.
నిప్పురవ్వ పడి ఒక మూల సన్నని కంత.
ఆ కంతలోంచి చూస్తే
వెర్నా బిడ్డ కనబడదు. వాడి తప్పు కాదు.
మా రేవులో నిలబడి చూస్తే
ఆ రాత్రులూ కనబడవు.

చీటీ మడిచి వాడి కోటు జేబులో పెట్టాను.
ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు:
హాజరు పుస్తకం చివరి పేజీలో నా పేరుంది.
ఆ ఏడు నా పనీ తొమ్మిది వారాలే.
పెన్సిలు నా చేతిలోనే ఉంది.
తనిఖీ అధికారి ఆ పేజీ దాకా వచ్చి,
నా వంక చూసి,
ఇంకో టీ దొరుకుతుందా అని అడిగాడు.